ఒక్క వాక్యంతో ముగిసిపోయిన పాఠం

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మీ దగ్గర జవాబు ఉందేమో చూడండి.

"గర్భసంచి తీసేసిన మనిషికి మళ్లీ మెనోపాజ్ వస్తుందా?"

ఇది నేను పుట్టించిన ప్రశ్న కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్‌లో ఒక పాఠశాల విజ్ఞాన ప్రదర్శన ముగిశాక, బల్లల మీది నమూనాలు సర్దుతున్న వేళ, 12వ తరగతి చదువుతున్న ఒక తెలుగమ్మాయి నన్ను పక్కకు పిలిచి అడిగింది. భిలాయి ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో ఆమె తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పని కోసం వచ్చి అక్కడే స్థిరపడ్డారట. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. ప్రశ్న తెలుగులోనే వచ్చింది గానీ చాలా మెల్లగా, పక్కవారికి వినబడకుండా వచ్చింది. కాసేపయ్యాక అసలు సంగతి చెప్పింది.

"మా అమ్మకి మూడేళ్ల కిందట ఆపరేషనయింది మేడమ్. అప్పటికి ముప్ఫయ్యారేళ్లు. అప్పట్నుంచి రాత్రిళ్లు నిద్ర లేదు. చలికాలంలో కూడా ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పోస్తాయి. బలహీనత అంటున్నారు. టానిక్కులు తాగుతోంది. మా పుస్తకంలో వెతికాను, అందులో ఏమీ లేదు."

ఆ చివరి మాట నన్ను వదలలేదు. నిజంగానే ఏమీ లేదా? ఆ రాత్రి నేనూ పుస్తకం తెరిచాను. ఈ వ్యాసం ఆ పుస్తకం మీద ఒక విమర్శ. విమర్శ అంటే తిట్టడం కాదని మీకు తెలుసు. ఒక రచన తాను చెప్పదలచిన దాన్ని ఎంతవరకు చెప్పింది, ఎక్కడ ఆగిపోయింది, ఆగిపోయినందువల్ల ఎవరికి నష్టం అని అడగడమే విమర్శ.

పుస్తకం ఏం చెబుతుంది?

ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి జీవశాస్త్రంలో మానవ ప్రత్యుత్పత్తి అధ్యాయం మీలో చాలామంది చదివే ఉంటారు. మెచ్చుకోవలసింది ముందు మెచ్చుకోవాలి. ఋతుచక్రం గురించి అందులో ఉన్న చిత్రం చాలా మంచి చిత్రం. ఒకదాని కింద ఒకటిగా నాలుగు వరుసలు ఉంటాయి. పై వరుసలో పీయూష గ్రంథి హార్మోనులు, దాని కింద అండాశయంలో జరిగే మార్పులు, ఆ తర్వాత అండాశయ హార్మోనులు, అట్టడుగున గర్భాశయపు లోపలి పొరలో వచ్చే మార్పులు. నాలుగు వరుసలనూ ఒకే తేదీ దగ్గర నిలువుగా చదివితే, శరీరంలో ఒకచోట జరిగేది మరోచోటికి ఎలా కబురు అందిస్తుందో కళ్లకు కడుతుంది. ఇటీవలి ప్రతుల్లో ఋతుకాలపు పరిశుభ్రత గురించి ఒక పేరా కూడా చేర్చారు. మంచిదే.

ఇక మెనోపాజ్ సంగతి. సుమారు 50 ఏళ్ల వయసులో ఋతుచక్రాలు ఆగిపోతాయి, దానికి ఆ పేరు అని ఒకే ఒక్క వాక్యం. అంతే. ఎందుకు ఆగిపోతాయి? ఆగిపోతే ఏమవుతుంది? 50 కంటే చాలా ముందే ఆగిపోతే? వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. తర్వాతి అధ్యాయం పేరే ప్రత్యుత్పత్తి ఆరోగ్యం. అక్కడ జనాభా, గర్భనిరోధక పద్ధతులు, గర్భస్రావం, సుఖవ్యాధులు, సంతానలేమి ఉన్నాయి. బిడ్డ పుట్టాలన్నా, పుట్టకూడదన్నా కావలసిన సమాచారం ఉంది. పిల్లలు పుట్టే వయసు దాటిన స్త్రీ ఆరోగ్యం మాత్రం అందులో లేదు.

కొంచెం లెక్క వేయండి. మన దేశంలో స్త్రీల సగటు ఆయుర్దాయం 70 ఏళ్లు దాటింది. మన దేశపు స్త్రీలలో ఋతువిరతి సగటున 46, 47 ఏళ్ల దగ్గరే వస్తుంది. పుస్తకం చెప్పే 50 కంటే కొన్నేళ్లు ముందే. అంటే ఒక స్త్రీ జీవితంలో సుమారు మూడో వంతు ఆ ఒక్క వాక్యం తర్వాతే నడుస్తుంది.

వాక్యం వెనుక దాగిన విజ్ఞానం

నన్ను ఎక్కువగా బాధించిన విషయం ఏమిటంటే, ఆ వాక్యాన్ని విప్పడానికి కావలసిన సామగ్రి అంతా ఆ నాలుగు వరుసల చిత్రంలోనే ఉంది. మనమే విప్పి చూద్దాం.

ఆడశిశువు పుట్టేటప్పటికే ఆమె అండాశయాలలో అండాలుగా మారగల కణాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. తర్వాత కొత్తవి చేరవు. ఉన్నవి ఏటేటా క్షీణిస్తూ పోతాయి. జీవితకాలం మొత్తం మీద పరిపక్వమై విడుదలయ్యేవి సుమారు 400 మాత్రమే. ఈ కణాల చుట్టూ ఉండే పుటికలే ఈస్ట్రోజన్‌ను తయారు చేస్తాయి. నిల్వ అడుగంటే కొద్దీ ఈస్ట్రోజన్ ఉత్పత్తి తగ్గిపోతుంది. వరుసగా 12 నెలలు ఋతుస్రావం రాకపోతే ఋతువిరతి వచ్చినట్టు వైద్యులు లెక్కిస్తారు.

ఇప్పుడు పై వరుస చూడండి. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోనును పంపి అండాశయాన్ని పని చేయమంటుంది. అండాశయం ఈస్ట్రోజన్ పంపి "అందింది, చేస్తున్నాను" అని జవాబిస్తుంది. జవాబు వస్తే పై నుంచి ఒత్తిడి తగ్గుతుంది. రిటైరైన గుమాస్తా పేరిట పై ఆఫీసు నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. అండాశయం విశ్రాంతి తీసుకున్నాక పీయూష గ్రంథి చేసే పని సరిగ్గా అదే. అందుకే ఋతువిరతి తర్వాత రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరుగుతుంది. పరీక్షలో ఇది కనబడుతుంది.

మరి ఆ చెమటలు? మెదడులోని హైపోథాలమస్ మన శరీర ఉష్ణోగ్రతను ఒక హద్దులో నిలిపి ఉంచుతుంది. అక్కడ ఉన్న కొన్ని నాడీకణాల మీద ఈస్ట్రోజన్ అదుపు ఉంటుంది. ఆ అదుపు పోయినప్పుడు అవి అతిగా చురుకవుతాయి. ఉష్ణోగ్రత రవ్వంత పెరిగినా ఒళ్లు కాలిపోతున్నట్టు మెదడు లెక్క వేసి, చర్మంలోని రక్తనాళాలను విప్పారజేసి, చెమట పట్టిస్తుంది. మన పెద్దవాళ్లు ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయి అనేది దీన్నే. ఇది మనసు పుట్టించిన జబ్బు అని చాలాకాలం కొట్టిపారేశారు. ఆ నాడీకణాల మీద పనిచేసే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. ఊహలో పుట్టిన జబ్బయితే, ఒక గ్రాహకాన్ని మూసేసే మందుతో ఎలా తగ్గుతుంది?

ఈస్ట్రోజన్ పని గర్భాశయంతో ఆగదు. ఎముకలను అరగదీసే కణాలకు అది కళ్లెం వేస్తుంది. ఆ కళ్లెం తెగితే ఋతువిరతి తర్వాతి మొదటి కొన్నేళ్లలో ఎముకల సాంద్రత వేగంగా పడిపోతుంది. ఎముకలు గుల్లబారడం ఇక్కడే మొదలవుతుంది. రక్తనాళాలు, మూత్రనాళం, జననాంగపు లోపలి పొరలు కూడా ఈస్ట్రోజన్ మీద ఆధారపడినవే. తరచూ మూత్రంలో మంట రావడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

సంచి అనే మాట

అనువాదాలు చేసే దాన్ని కాబట్టి మాటల దగ్గర కాస్త ఆగుతాను. ఇంగ్లీషులో హిస్టరెక్టమీ అంటే గర్భాశయాన్ని తొలగించే శస్త్రచికిత్స. దాని వేరు గర్భాశయానికి గ్రీకు భాషలో ఉన్న మాట. హిస్టీరియా అనే మాట పుట్టిందీ దాని నుంచే. తెలుగులో మనం గర్భసంచి అంటాం. దుర్గ్ ఆసుపత్రుల్లో వినబడే హిందీ మాట బచ్చేదానీ. ఒకటి సంచి, ఇంకొకటి బిడ్డను పెట్టే పాత్ర. రెండు మాటలూ ఆ అవయవానికి ఒకే పని ఉన్నట్టు చెబుతాయి. సంచిలో సరుకు తీసేశాక సంచితో ఏం పని? "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా ఎందుకు, తీయించేసుకో" అనే వాదానికి ఈ మాటలే బాట వేశాయి.

దీనికంటే పెద్ద గందరగోళం మరొకటి ఉంది. "గర్భసంచి తీసేశారు" అని ఇంటివాళ్లు చెప్పే ఒకే మాట వెనుక కనీసం మూడు వేర్వేరు శస్త్రచికిత్సలు ఉండవచ్చు. గర్భాశయ ముఖద్వారాన్ని ఉంచి పై భాగాన్ని మాత్రమే తీయవచ్చు. మొత్తం గర్భాశయాన్ని తీయవచ్చు. దానితోపాటు రెండు అండాశయాలనూ తీసేయవచ్చు. మూడూ ఒకటి కావు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. గర్భాశయం తీసినా అండాశయాలు ఉంటే, నెలసరి ఆగిపోతుంది గానీ హార్మోనులు ఆగవు. అది ఋతువిరతి కాదు. అసలు ఋతువిరతి తర్వాత ఎప్పుడో వస్తుంది. నెలసరి అనే గుర్తు లేదు కాబట్టి అది వచ్చినట్టు తెలియకపోవచ్చు. పైగా అండాశయాలు ఉంచినా అవి కొంత ముందుగా అలిసిపోయే అవకాశం ఉంది. 2011లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, గర్భాశయం మాత్రమే తీయించుకున్న స్త్రీలలో అండాశయాలు ముందే ఆగిపోయే అవకాశం మిగతా వారికంటే దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది.

రెండు అండాశయాలూ తీసేస్తే కథ వేరు. సహజంగా కొన్నేళ్లపాటు మెల్లమెల్లగా దిగవలసిన మెట్లు ఒక్క రోజులో దిగినట్టు అవుతుంది. శస్త్రచికిత్స బల్ల మీదే ఋతువిరతి వచ్చేస్తుంది. 36 ఏళ్ల వయసులో అది జరిగితే, ఎముకలూ గుండే సహజమైన రక్షణ లేకుండా పదేళ్లు ఎక్కువగా గడపాలి.

అండాశయాలు తీసేస్తే వాటికి క్యాన్సర్ రాదు కదా అనే వాదం మీరు వినే ఉంటారు. ఆ మాట నిజమే. కానీ సగం నిజం. అమెరికాలో నర్సుల మీద దీర్ఘకాలం సాగిన పరిశోధనలో, గర్భాశయం తీయించుకున్న 29,380 మంది స్త్రీలను 24 ఏళ్లపాటు గమనించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. అండాశయాలు కూడా తీయించుకున్నవారిలో అండాశయ క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు తగ్గాయి. గుండెజబ్బులు, మొత్తం మరణాలు మాత్రం పెరిగాయి. వంశపారంపర్యంగా ఆ క్యాన్సర్ల ప్రమాదం ఎక్కువగా ఉన్నవారి విషయం వేరు. వారికి అండాశయాలు తీయడమే ప్రాణరక్షణ కావచ్చు. కాబట్టి "తీసేస్తే మంచిది", "తీయిస్తే చెడ్డది" అనే రెండు మాటలూ తప్పే. ఎవరికి, ఏ వయసులో, ఎందుకు అని అడగాలి.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

ఇది ఒక ఇంటి కథే అయితే ఇంత రాయనవసరం లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయసు స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. తెలంగాణలో 8.2 శాతం. అంటే దేశపు సగటుకు సుమారు రెండున్నర రెట్లతో మన రెండు తెలుగు రాష్ట్రాలే ముందున్నాయి. కారణాలలో అధిక రక్తస్రావం, నొప్పి అన్నిటికంటే పైన ఉంది. శస్త్రచికిత్సల్లో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

మీరు విజ్ఞానశాస్త్ర విద్యార్థులు కాబట్టి ఈ పట్టికను కూడా కొంచెం అనుమానంగా చూడండి. 49 ఏళ్లతో ఆగిపోయే సర్వేలో 55 ఏళ్లకు శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీ కనబడదు. అందువల్ల శస్త్రచికిత్స జరిగిన సగటు వయసును ఈ సర్వే నుంచి లెక్కిస్తే, అది అసలు కంటే తక్కువగా వస్తుంది. ఇంకొక లోపం ఇంతకంటే పెద్దది. గర్భాశయం తీశారా, ఎన్నేళ్ల కిందట, ఎక్కడ, ఎందుకు అని సర్వే అడుగుతుంది. అండాశయాలు ఉంచారా అని మాత్రం అడగదు. పాఠ్యపుస్తకంలో ఉన్న ఖాళీయే సర్వే ప్రశ్నావళిలోనూ ఉంది. ప్రశ్నలు తయారు చేసినవారూ ఒకప్పుడు ఇలాంటి పాఠాలే చదివి ఉంటారు కదా!

ఛత్తీస్‌గఢ్‌కు ఇందులో ఒక చేదు అనుభవం ఉంది. పేద కుటుంబాలకు ఏడాదికి 30,000 రూపాయల వరకు వైద్యం అందించే రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన 2008లో మొదలైంది. ఉద్దేశం మంచిది. 2012లో రాయపూర్ పరిసరాల గ్రామాల్లో, ఆ కార్డు మీద చాలామంది స్త్రీలకు అవసరం లేకుండానే గర్భాశయం తీసేశారన్న ఆరోపణలు బయటపడ్డాయి. క్యాన్సర్ వస్తుందని భయపెట్టి ఒప్పించారని స్త్రీలు చెప్పారు. విచారణ జరిగి కొందరు వైద్యుల రిజిస్ట్రేషన్లు నిలిపివేశారు. బీహార్, రాజస్థాన్‌లలోనూ ఇలాంటివే వెలుగు చూశాయి. డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అనవసరమైన గర్భాశయ శస్త్రచికిత్సలను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని, 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో 2019లో జరిగిన సర్వే మరో కోణం చూపింది. 82,309 మంది చెరకు కోత స్త్రీలను అడిగితే 13,861 మందికి గర్భాశయం తీసేసినట్టు తేలింది. నెలసరి రోజుల్లో పనికి రాకపోతే జరిమానా. పొలాల దగ్గర నీళ్లూ మరుగుదొడ్డీ ఉండవు. అలాంటి చోట నెలసరే లేకుండా చేసుకోవడం సులువైన మార్గంగా కనబడింది. ఆ తర్వాత పాతికేళ్లు ఆ శరీరం ఎలా ఉంటుందో వారికి చెప్పినవారు ఎందరు?

నిర్ణయానికి ముందు వేరే దారులు కూడా ఉన్నాయి. కేవలం అధిక రక్తస్రావమే సమస్య అయితే, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం ఉంది. గర్భాశయంలో అమర్చే, హార్మోను విడుదల చేసే సాధనం ఉంది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థలో పుట్టి, 1991లో సహేలీ పేరుతో బజారులోకి వచ్చిన ఆర్మెలాక్సిఫెన్ మాత్రను గర్భనిరోధానికే కాక ఇందుకూ వాడుతున్నారు. గడ్డలు ఉంటే గడ్డలను మాత్రమే తీసే పద్ధతి ఉంది. ఇవేవీ పనిచేయనప్పుడు, క్యాన్సర్ ఉన్నప్పుడు, గర్భాశయం బాగా జారిపోయినప్పుడు శస్త్రచికిత్స ఎంతో మేలు చేస్తుంది. దాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు.

ఒక అతి నుంచి మరో అతికి

తెలియనితనం ఉన్నచోట భయమూ అమ్ముడవుతుంది, ఆశా అమ్ముడవుతుంది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే అమెరికా వైద్యుడు ఫెమినిన్ ఫరెవర్ అనే పుస్తకం రాశాడు. ఋతువిరతి అనేది ఒక లోపం, ఈస్ట్రోజన్ వాడితే స్త్రీ ఎప్పటికీ యవ్వనంలో ఉంటుందని దాని సారాంశం. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఈస్ట్రోజన్ తయారు చేసే కంపెనీ నుంచి రచయితకు డబ్బు ముట్టిందని చాలాకాలం తర్వాత బయటపడింది. గర్భాశయం ఉన్న స్త్రీలు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భాశయపు లోపలి పొరకు క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని 1975లో తేలింది. అందువల్ల దానికి ప్రొజెస్టిన్ జత చేశారు.

2002 జూలైలో గడియారం లోలకం రెండో వైపుకు ఊగింది. అమెరికాలో 16,608 మంది స్త్రీల మీద రెండు హార్మోనులు కలిపి ఇచ్చి చేస్తున్న ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సరు, గుండెజబ్బు ప్రమాదం కొంత పెరిగినట్టు కనబడింది. హార్మోనులంటే విషం అన్నంతగా పత్రికలు రాశాయి. ఆ స్త్రీల సగటు వయసు 63 ఏళ్లు అన్న సంగతి శీర్షికల్లోకి రాలేదు. అదే పరిశోధనలో గర్భాశయం లేని స్త్రీలకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదన్న సంగతి తర్వాత తెలిసినా, అంతగా ప్రచారం కాలేదు.

36 ఏళ్లకే అండాశయాలు పోయిన స్త్రీకి 63 ఏళ్ల స్త్రీ మీద వచ్చిన ఫలితాన్ని అన్వయించడం శాస్త్రం కాదు. వేరే అడ్డంకులు లేకపోతే, అంత చిన్న వయసులో ఋతువిరతి వచ్చినవారు సహజంగా అది వచ్చే వయసు దాకా హార్మోను చికిత్స తీసుకోవడం మంచిదన్నది నేటి వైద్య మార్గదర్శకాల మాట. అయితే దాన్ని నిర్ణయించవలసింది స్త్రీవైద్య నిపుణులే. ఈ వ్యాసం చదివి మందుల దుకాణానికి వెళ్లవద్దు.

కోలుకోవడం అంటే కుట్లు మానడమేనా?

పొట్ట కోసి చేసిన శస్త్రచికిత్స తర్వాత కోలుకోవడానికి మామూలుగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. లాపరోస్కోపీతో చేస్తే ఇంకా త్వరగా కోలుకుంటారు. మన ఇళ్లలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కలిగిన ఇళ్లలో నెలల తరబడి మంచం దిగనివ్వరు. కానీ కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే మొదటి రోజుల నుంచే మెల్లగా నడవాలి. కూలి ఇళ్లలో పదో రోజుకే నీళ్ల బిందె ఎత్తిస్తారు. దుర్గ్, భిలాయిలలో ఇళ్ల నిర్మాణం దగ్గర ఇటుకలు మోసే స్త్రీలను మీరు చూసే ఉంటారు. అక్కడ వారిని రేజాలంటారు. లోపలి కుట్లు మానకముందే బరువులెత్తకూడదని వారికి చెప్పడం తేలిక. ఆ ఆరు వారాల కూలి డబ్బు ఎవరిస్తారన్నది అసలు ప్రశ్న.

జ్వరం, ఆగని రక్తస్రావం, దుర్వాసనతో కూడిన స్రావం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, మూత్రం రాకపోవడం వంటివి కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవన్నీ మొదటి వారాల సంగతులు. ఆ తర్వాతి ఏళ్లలో కాల్షియం, విటమిన్ డి, నడక, కటి కండరాల వ్యాయామం, రక్తపోటు పరీక్ష, ఎముకల సాంద్రత పరీక్ష అవసరమవుతాయి. కోలుకోవడంలో ఈ భాగాన్ని మన డిశ్చార్జి కాగితాలు చాలావరకు రాయవు.

పుస్తకం తరఫున ఒక వాదం

ఇక్కడ పుస్తకం తరఫున ఎవరైనా వాదించవచ్చు. పాఠ్యపుస్తకం వైద్యగ్రంథం కాదు, పేజీలకు హద్దు ఉంది, అన్నీ చెప్పడం సాధ్యమా అని. న్యాయమైన వాదమే. అందుకే నేను అధ్యాయం అడగడం లేదు. ఆ ఒక్క వాక్యం తర్వాత నాలుగు వాక్యాలు అడుగుతున్నాను. అండాశయంలో పుటికల నిల్వ తరగడం వల్ల ఈస్ట్రోజన్ తగ్గి ఋతువిరతి వస్తుంది. ఈస్ట్రోజన్ ఎముకలకు, రక్తనాళాలకు, మెదడుకు కూడా అవసరం. గర్భాశయాన్ని తీయడం వేరు, అండాశయాలను తీయడం వేరు. 40 ఏళ్ల లోపు ఋతువిరతి వస్తే, ఏ కారణం వల్ల వచ్చినా, వైద్య సలహా తీసుకోవాలి.

ఈ నాలుగు వాక్యాలు పుస్తకంలో అరపేజీ కూడా పట్టవు.

పాఠం బడిలోనే చెప్పాలని కూడా లేదు. భిలాయి కొలుములకు ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా ఒకప్పుడు దుర్గ్ జిల్లాలోనే ఉండేది. అక్కడి గని కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో తమ సంఘం తరఫున 1983లో షహీద్ ఆసుపత్రిని ప్రారంభించారు. అనవసరమైన మందులు, ఇంజెక్షన్లు ఎందుకు వద్దో కార్మికులకు అర్థమయ్యేలా చెప్పడం ఆ వైద్యుల పనిలో భాగమైంది. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకం, గ్రామాల్లో ఆరోగ్యం గురించి చెప్పే పనిని ఆ ఊరి స్త్రీలకే అప్పగించింది. అంటే ఈ నేలకు ఆ అలవాటు కొత్త కాదు. చెప్పవలసిన పాఠమే ఇంకా రాయవలసి ఉంది.

చివరగా ఆ అమ్మాయి సంగతి. అమ్మ ఆసుపత్రి కాగితాలు వెతికి చూడమన్నాను. ఆసుపత్రి పేరు నేను అడగలేదు, ఇక్కడ అది ముఖ్యం కూడా కాదు. వారం తర్వాత ఫోను చేసి, కాగితం మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. "టి.ఏ.హెచ్. విత్ బి.ఎస్.ఓ." మొదటి మూడు అక్షరాలకు పొట్ట కోసి మొత్తం గర్భాశయాన్ని తీశారని అర్థం. తర్వాతి మూడింటికి రెండు వైపులా నాళాలనూ అండాశయాలనూ తీశారని అర్థం. ఆ ఆరు అక్షరాల అర్థం మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె తాగిన టానిక్కులకూ ఆ చెమటలకూ సంబంధం లేదు.

ఇప్పుడామె ఒక స్త్రీవైద్య నిపుణురాలి దగ్గర చికిత్స తీసుకుంటోంది. ఎముకల పరీక్ష కూడా చేయించుకుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితం ఒకటి ఉండవచ్చు. బీరువాలో రేషన్ కార్డు కింద, పాత బిల్లుల మధ్య. ఉంటే, అమ్మనో పిన్నినో పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. అండాశయాలు ఉన్నాయా, తీసేశారా అన్నది చూడండి. బయాప్సీ రిపోర్టు ఉందేమో చూడండి. గర్భాశయ ముఖద్వారం ఉంచారేమో చూడండి, ఉంచి ఉంటే దాని క్యాన్సర్ పరీక్షలు ఇంకా చేయించుకుంటూ ఉండాలి. అర్థం కాని అక్షరాలు ఉంటే రాసుకుని, ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు వైద్యులను అడగండి. మగపిల్లలకూ ఇదే చెబుతున్నాను. కాగితం చదవడానికి సిగ్గుపడవలసిన పని లేదు.